లోటు తీర్చే మాత్ర

కాలూ చేయీ పడిపోవడం అని మన పల్లెల్లో చెప్పుకొనే వ్యాధికి పక్షవాతం అని పేరు. పక్షం అంటే ఒక ప్రక్క. వాతం ప్రకోపించి శరీరంలో ఒక ప్రక్క భాగాన్ని నిర్జీవం చేస్తుందని ప్రాచీన వైద్యులు భావించారు. పేరు అలాగే నిలిచిపోయింది గాని, ఈ వ్యాధికి మూలం చేతిలోనూ లేదు, కాలిలోనూ లేదు, తలలో ఉన్నది. మెదడుకు రక్తాన్ని చేర్చే నాళం మూసుకుపోయినా, పగిలిపోయినా, ఆ నాళం మీద ఆధారపడిన మెదడు భాగం నిమిషాలలో దెబ్బతినడం ప్రారంభిస్తుంది. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు, చికిత్స అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. మెదడులో ఎడమ భాగం దెబ్బతింటే కుడి కాలు, కుడి చేయి పడిపోతాయి. చాలామందికి మాట కూడా పడిపోతుంది.

నాళం మూసుకుపోవడం ఒక విధం, పగిలిపోవడం మరొక విధం. నాళపు లోపలి గోడకు క్రొవ్వు పేరుకొని, దానిపై రక్తం గడ్డకట్టి దారిని మూసివేయడం మొదటిది. గుండెలో ఏర్పడిన గడ్డ కొట్టుకువచ్చి మెదడు నాళంలో ఇరుక్కుపోవడం కూడా ఈ కోవలోనిదే. ఏళ్ల తరబడి అధిక రక్తపోటును భరించి బలహీనపడిన నాళం చిట్లి, రక్తం మెదడులోకి చిమ్మడం రెండవది. పక్షవాతం వచ్చినవారిలో అధికసంఖ్యాకులు మొదటి రకానికి చెందినవారే అయినా, రెండవది ఎక్కువ ప్రాణాంతకమైనది. చివరి పొలానికి నీరందకపోవడానికి కాలువలో పూడిక కారణం కావచ్చు, గట్టుకు గండి పడటమూ కారణం కావచ్చు. నష్టపోయిన రైతుకు రెండూ ఒకటే. కాని పూడిక తీయడానికి పట్టుకెళ్లిన గడ్డపారతో గండిని పూడ్చలేము; అదే గడ్డపారను గట్టు మీద ప్రయోగిస్తే గండి ఇంకా పెద్దదవుతుంది. విద్యార్థులు ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి. ముందు ముందు దీని అవసరం కలుగుతుంది.

నేడు ఏ ఊరి మందుల దుకాణానికి వెళ్లినా విటమిన్ల సీసాలు, ఖనిజ లవణాల డబ్బాలు బారులు తీరి కనిపిస్తాయి. ఒకటి నరాలకు బలమని, మరొకటి గుండెకు రక్షణ అని వాటి మీది అక్షరాలు చెబుతుంటాయి. అమెరికా నుండి సెలవులకు వచ్చే పిల్లలు తల్లిదండ్రులకు తెచ్చిపెట్టే వస్తువులలో మల్టీవిటమిన్ డబ్బా ఒకటి. రక్తపోటు మాత్ర వేసుకోవడం మరచిపోయే పెద్దలు సైతం ఈ డబ్బాను మాత్రం భద్రంగా వాడుకోవడం చూస్తుంటాం. ఇది కేవలం ప్రకటనల ప్రభావం వల్ల వచ్చిన నమ్మకం కాదు. దానికొక చరిత్ర ఉన్నది. విటమిన్ అనే పేరుకు మూలమైన పదాన్ని 1912లో కాసిమిర్ ఫంక్ అనే శాస్త్రవేత్త కల్పించాడు. అనంతర దశాబ్దాలలో ఒక్కొక్క విటమిన్ బయటపడుతున్న కొద్దీ, శతాబ్దాలుగా మానవాళిని పీడించిన వ్యాధులు ఒక్కొక్కటే లొంగిపోయాయి. నావికుల చిగుళ్ల నుండి రక్తం కార్చే స్కర్వీ, పాలిష్ పట్టిన బియ్యం తినేవారిని కుంగదీసే బెరిబెరి, పిల్లల రేచీకటి ఇందుకు ఉదాహరణలు. చిటికెడు పదార్థం లోపిస్తే మనిషి కూలిపోతాడు, అది అందితే లేచి నిలబడతాడు. ఇంతటి అద్భుతాన్ని చూసినవారు, చిటికెడు ఇంత మేలు చేస్తే గుప్పెడు ఇంకెంత మేలు చేస్తుందో అనుకోవడం సహజమే. ఈ పాఠంలో మనం పరిశీలించవలసింది సరిగ్గా ఆ ఊహనే.

పండ్లు, ఆకుకూరలు సమృద్ధిగా తినేవారికి పక్షవాతం తక్కువగా వస్తుందని పలు దేశాలలో గమనించారు. పండ్లలో, కూరలలో విటమిన్లు ఉంటాయి. కాబట్టి పక్షవాతాన్ని ఆపుతున్నది విటమిన్లేనని, వాటిని మాత్రగా చేసి ఇస్తే చాలునని కొందరు తీర్మానించారు. ఇందులో ఒక చిక్కు ఉన్నది. ప్రతిదినం పండ్లు కొనగలిగిన మనిషికి ఆదాయం ఉంటుంది. అతడు పొగ త్రాగకపోవచ్చు. ఉదయం నడకకు వెళ్లవచ్చు. ఏటా వైద్యునికి చూపించుకోవచ్చు. అతణ్ణి కాపాడినది వీటిలో ఏదో చూసినంతమాత్రాన చెప్పలేము. దీనిని తేల్చడానికి వైద్యశాస్త్రం ఒక పద్ధతిని రూపొందించుకున్నది. వేలమందిని సమీకరించి, చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విభజిస్తారు. ఒక జట్టుకు అసలు మాత్ర, రెండవ జట్టుకు అదే రంగు, అదే ఆకారం గల ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరు ఏది మింగుతున్నారో మింగేవారికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. ఏళ్లు గడచిన తరువాత రెండు జట్లలో ఎందరికి పక్షవాతం వచ్చిందో లెక్కిస్తారు. చీటీలతో విభజించారు కనుక నడిచేవారు, పొగత్రాగేవారు, ధనికులు, పేదలు రెండు జట్లలోనూ దాదాపు సమానంగా ఉంటారు. తేడా ఏదైనా వస్తే అది మాత్ర వల్ల వచ్చినదే అయి ఉండాలి.

ఈ పరీక్షలకు నిలిచిన విటమిన్లలో ఫోలిక్ ఆమ్లం కథ ప్రత్యేకమైనది. తెలుగువారికి అది మరింత ఆసక్తి కలిగించే కథ.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. అక్కడి పేద గర్భిణులను తీవ్రమైన ఒక రకం రక్తహీనత బలిగొంటున్నది. వారి రక్తంలో ఎర్రకణాలు సంఖ్యలో తగ్గి, పరిమాణంలో మాత్రం అసహజంగా పెద్దవై ఉండేవి. రోగులు తినే తిండిని పరిశీలించి, జంతువులపై ప్రయోగాలు చేసి, చివరకు ఈస్టు నుండి తయారయ్యే మార్మైట్ అనే చవక పదార్థం ఈ వ్యాధిని నయం చేస్తున్నదని ఆమె 1931లో ప్రకటించింది. ఆ పరిశోధనలో కొంతభాగం నీలగిరి కొండలలోని కూనూరులో జరిగింది. రాబర్ట్ మెకారిసన్ ఆధ్వర్యంలో అక్కడ వెలసిన పోషకాహార పరిశోధనశాలయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా కొనసాగుతున్నది. మార్మైట్‌లోని ఆ గుణం ఏ పదార్థానిదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి, లాటిన్‌లో ఆకు అనే అర్థం గల మాట నుండి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

అయితే ఆకుల నుండి తీసిన ఆ రవ్వంత పదార్థం ఎందరు రోగులకు సరిపోతుంది? దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావు, ప్రేగులను పీల్చిపిప్పిచేసే స్ప్రూ అనే వ్యాధికి తన సోదరులను కోల్పోయాడు. తానూ ఆ వ్యాధి బారిన పడి కోలుకున్నాడు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలోని బోస్టన్ నగరానికి చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి జీవరసాయన పరిశోధన చేశాడు. 1940లో లెడర్లే ప్రయోగశాలలకు మారాడు. అక్కడ ఆయన మార్గదర్శకత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ సాధ్యమైంది. స్ప్రూ రోగులకు ఆ మందు ప్రాణం పోసింది. సోదరులను కాపాడలేకపోయిన వ్యాధికి ఆయన మందు కనుగొనగలిగాడు. 1948లో ఆయన మరణించేనాటికి, ఈ పదార్థానికి పక్షవాతంతో సంబంధం ఉండవచ్చునని ఎవరూ ఊహించలేదు.

ఆ సంబంధానికి తొలి ఆధారం మాత్రం సుబ్బారావు బోస్టన్‌లో పరిశోధన చేస్తున్న కాలంలోనే, ఆ నగరంలోనే ఒక ఆసుపత్రి దస్తావేజులలో చేరింది. 1933లో ఎనిమిదేళ్ల బాలుడొకడు అక్కడ పక్షవాతంతో మరణించాడు. శవపరీక్షలో అతని మెడలోని ధమనులు వృద్ధుని ధమనులవలె గట్టిపడి, ఇరుకై కనిపించాయి. కారణం ఎవరికీ అంతుబట్టలేదు. మూడు దశాబ్దాల తరువాత అదే కుటుంబంలో ఒక బాలికకు రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం మితిమీరి పెరిగే వంశపారంపర్య వ్యాధి ఉన్నట్లు తేలింది. కిల్మర్ మెకల్లీ అనే యువ వైద్యుడు పాత దస్తావేజులను వెలికితీసి, ఆ బాలునిదీ అదే వ్యాధి అయి ఉంటుందని గ్రహించాడు. మితిమీరిన హోమోసిస్టీన్ రక్తనాళాల గోడలను చెరుస్తున్నదని 1969లో ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదనను తోటివారు చాలాకాలం పట్టించుకోలేదు. మన శరీరం మాంసకృత్తులను వినియోగించుకొనేటప్పుడు హోమోసిస్టీన్ ప్రతి ఒక్కరిలోనూ కొద్దిగా తయారవుతుంది. దానిని నిరపాయకరమైన పదార్థంగా మార్చే పనిలో ఫోలిక్ ఆమ్లం, బి12, బి6 విటమిన్లు తోడ్పడతాయి. అవి కొరవడితే హోమోసిస్టీన్ పేరుకుంటుంది. అది పేరుకున్నవారిలో పక్షవాతం ఎక్కువగా వస్తున్నదని అనంతర పరిశీలనలు తెలిపాయి. కథ ఎంతో సులభంగా ముగిసేటట్లు కనిపించింది. మూడు చవక విటమిన్లు ఇస్తే హోమోసిస్టీన్ తగ్గుతుంది, పక్షవాతమూ తగ్గుతుంది.

పరీక్షలు మరొక విధంగా చెప్పాయి. ఒకసారి పక్షవాతం వచ్చి కోలుకున్న 3,680 మందిని తీసుకొని అమెరికా, కెనడా, స్కాట్లాండులలో ఒక పరీక్ష జరిపారు. సగంమందికి ఈ మూడు విటమిన్లను పెద్ద మోతాదులో, మిగిలిన సగానికి చాలా చిన్న మోతాదులో ఇచ్చారు. 2004లో ఫలితం వెలువడింది. పెద్ద మోతాదు తీసుకున్నవారిలో హోమోసిస్టీన్ అనుకున్నట్లే తగ్గింది. కాని రెండేళ్లలో పక్షవాతం తిరిగివచ్చినవారు ఒక జట్టులో నూటికి 9.2, మరొక జట్టులో నూటికి 8.8. ఎక్కువ అంకె పెద్ద మోతాదు జట్టుదే. తేడా లెక్కలోకి రానంత చిన్నది గనుక మాత్ర కీడు చేసిందని అనలేము. మేలు చేయలేదని మాత్రం చెప్పవచ్చు. 2006లో వెలువడిన మరొక పెద్ద పరీక్షలో పక్షవాతాలు కొంత తగ్గినట్లు కనిపించినా, గుండెపోటు మొదలైన వాటిలో మార్పు లేకపోవడంతో దానిని నిర్వహించినవారే గట్టిగా చెప్పడానికి వెనుకాడారు. ఫోలిక్ ఆమ్లం కథ ఇక్కడితో ముగిసిందని చాలామంది అనుకున్నారు.

అది ముగియలేదనడానికి చైనా సాక్ష్యం. ఆ దేశంలోని జియాంగ్సు, అన్హుయి రాష్ట్రాలలో 2008లో ఒక భారీ పరీక్ష ప్రారంభమైంది. అధిక రక్తపోటు ఉండి, అంతవరకు పక్షవాతం గాని గుండెపోటు గాని రాని 20,702 మంది అందులో చేరారు. ఒక జట్టుకు ఎనాలప్రిల్ అనే రక్తపోటు మందు మాత్రమే ఇచ్చారు. రెండవ జట్టుకు అదే మందులో 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం కలిపి ఇచ్చారు. సుమారు నాలుగున్నరేళ్ల తరువాత చూస్తే, మొదటి జట్టులో 355 మందికి, రెండవ జట్టులో 282 మందికి తొలి పక్షవాతం వచ్చింది. అంటే ముప్పు అయిదింట ఒక వంతు తగ్గింది. 2015లో ఈ ఫలితం ప్రచురితమైనప్పుడు వైద్యలోకం ఆశ్చర్యపోయింది.

ఒకే పదార్థం ఒకచోట పనిచేయకపోవడమేమిటి, మరొకచోట పనిచేయడమేమిటి? సమాధానం మాత్రలో లేదు, మింగినవారి రక్తంలో ఉన్నది. పుట్టుకతో వెన్నుపాములో లోపాలు రాకుండా ఉండాలని అమెరికా ప్రభుత్వం 1998 నుండి గోధుమపిండి వంటి వాటిలో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి చేసింది. కెనడా కూడా అదే చేసింది. అక్కడి ప్రజలు తెలియకుండానే రొట్టెతోపాటు ప్రతిదినం ఫోలిక్ ఆమ్లాన్ని తింటున్నారు. నిండిన కుండలో నీరు పోసినట్లు, వారికి ఇచ్చిన మాత్ర పొర్లిపోయింది. చైనాలో పరీక్ష జరిగిన ప్రాంతాలలో అటువంటి ఏర్పాటు లేదు. అక్కడ కూడా అందరికీ సమానంగా మేలు జరగలేదు. రక్తంలో ఫోలిక్ ఆమ్లం తక్కువగా ఉన్నవారికే ఎక్కువ ప్రయోజనం కలిగింది.

ఈ సందర్భంలో అంకెలను చదివే తీరు గురించి ఒక మాట చెప్పుకోవాలి. ముప్పు నూటికి 21 వంతులు తగ్గిందని అంటే ఎంతో గొప్పగా వినిపిస్తుంది. అదే సంగతిని వెయ్యిమంది లెక్కన చెబితే, మాత్ర లేని జట్టులో 34 మందికి, మాత్ర ఉన్న జట్టులో 27 మందికి పక్షవాతం వచ్చిందని అర్థం. వెయ్యిమంది నాలుగున్నరేళ్లు మింగితే ఏడుగురు తప్పించుకున్నారు. పైసల ఖర్చుతో ఏడు కుటుంబాలు నిలబడటం చిన్న విషయం కాదు. కాని మిగిలిన 27 మందిని ఆ మాత్ర కాపాడలేకపోయిందన్నదీ అంతే నిజం. ప్రకటనలు మొదటి అంకెనే చెబుతాయి. రెండవ లెక్కను మనమే వేసుకోవాలి. రెండు జట్లవారూ ప్రతిదినం రక్తపోటు మందు వేసుకుంటూనే ఉన్నారన్న విషయం కూడా మరువరాదు. ఫోలిక్ ఆమ్లం ఆ మందుకు తోడుగా పనిచేసింది. దాని స్థానాన్ని ఆక్రమించలేదు.

లోటు లేనిచోట మాత్ర ఊరికే పొర్లిపోతే నష్టం డబ్బుకు మాత్రమే. ఇ విటమిన్ విషయంలో అంతటితో ఆగలేదు. ఫిన్లాండు దేశంలో 1985లో ప్రారంభమైన ఒక పరీక్షలో పొగత్రాగే పురుషులు 29,133 మందిని నాలుగు జట్లు చేసి ఇ విటమిన్, బీటా కెరోటిన్, ఆ రెండూ, ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని వారి ఆశ. 1994లో ఫలితాలు వెలువడినప్పుడు, బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఆ క్యాన్సర్ తగ్గకపోగా నూటికి 18 వంతులు పెరిగింది. ఇ విటమిన్ తీసుకున్నవారిలో మెదడులో రక్తస్రావం వల్ల కలిగిన మరణాలు ఎక్కువగా కనిపించాయి. అటుతరువాత అమెరికాలో 14,641 మంది పురుష వైద్యులపై జరిగిన పరీక్ష ఫలితం 2008లో వచ్చింది. అందులోనూ ఇ విటమిన్ వల్ల గుండెకు, మెదడుకు మేలు జరగలేదు. రక్తస్రావపు పక్షవాతాలు పెరిగాయి. మందుల మంచిచెడ్డలు బాగా తెలిసిన వైద్యులే ఆ మాత్రలను ఏళ్ల తరబడి ఉత్సాహంగా మింగారన్నది గమనార్హం.

2010లో కొందరు పరిశోధకులు అటువంటి తొమ్మిది పరీక్షలను కలిపి, మొత్తం 1,18,765 మంది వివరాలను లెక్కించారు. ఇ విటమిన్ వల్ల గడ్డకట్టే రకం పక్షవాతం నూటికి 10 వంతులు తగ్గింది. రక్తస్రావపు రకం నూటికి 22 వంతులు పెరిగింది. మనం ముందు చెప్పుకున్న పూడిక, గండి ఇక్కడ గుర్తుకు రావాలి. రక్తం గడ్డకట్టే స్వభావాన్ని ఇ విటమిన్ కొంత తగ్గిస్తుందని భావిస్తున్నారు. అది పూడికను కొంత అడ్డుకుంటుంది గాని, గండి పడినప్పుడు రక్తాన్ని ఆగనివ్వదు. 476 మంది మాత్ర తీసుకుంటే ఒకరికి మొదటి రకం తప్పుతుందని, 1,250 మంది తీసుకుంటే ఒకరికి రెండవ రకం అదనంగా వస్తుందని వారు లెక్కవేశారు. తప్పినవి ఎక్కువ కదా, మేలే కదా అని చురుకైన విద్యార్థి అడగవచ్చు. ప్రశ్న సమంజసమే. కాని మొదటి రకాన్ని తగ్గించడానికి రక్తపోటు మందు వంటి, అంతకంటె బలమైన మార్గాలు ఉన్నాయి. అవి రెండవ రకాన్ని పెంచకపోగా తగ్గిస్తాయి. అటువంటి మార్గాలు అందుబాటులో ఉండగా, ఆరోగ్యవంతుడైన మనిషి మరింత భయంకరమైన వ్యాధిని కొద్దిగానైనా కొనితెచ్చుకోవడం తెలివైన బేరం కాదు. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు వైద్యునికి చెప్పకుండా ఇ విటమిన్ తీసుకోవడం మరింత ప్రమాదకరం.

మిగిలిన వాటి గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. డి విటమిన్ అమెరికాలో 25,871 మందిపై జరిగిన పరీక్షలో గుండెపోటును గాని, పక్షవాతాన్ని గాని తగ్గించలేదని 2019లో తేలింది. కాల్షియం మాత్రలు ఎముకల కోసం వాడేవి. వాటివల్ల రక్తనాళాలకు కీడు జరుగుతుందా లేదా అన్న వివాదం ఇంకా తేలలేదు. చైనాలోని లిన్‌షియన్ అనే పేద గ్రామీణ ప్రాంతంలో 3,318 మందికి ఆరేళ్లపాటు 26 రకాల విటమిన్లు, ఖనిజాలు కలిపి ఇచ్చినప్పుడు పక్షవాత మరణాలు తగ్గినట్లు కనిపించాయి గాని, అది యాదృచ్ఛికం కూడా కావచ్చునని లెక్కలు హెచ్చరించాయి. అక్కడి ప్రజల ఆహారంలో అనేక పోషకాల కొరత ఉండేదన్నది గమనించదగ్గ సంగతి.

పక్షవాతం విషయంలో అన్నిటికంటె ఎక్కువ ఫలితం చూపిన ఖనిజం మాత్రల సీసాలో లేదు, వంటింటి ఉప్పుడబ్బాలో ఉన్నది. మనం వాడే ఉప్పు సోడియం క్లోరైడు. సోడియం రక్తపోటును పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. చైనాలోని 600 గ్రామాలలో, పక్షవాతం ఒకసారి వచ్చినవారు, రక్తపోటు అదుపులో లేని వృద్ధులు 20,995 మందిని ఎంచుకొని ఒక పరీక్ష జరిపారు. సగం గ్రామాలలో మామూలు ఉప్పునే వాడనిచ్చారు. మిగిలిన సగం గ్రామాలలో నాలుగింట మూడు వంతులు మామూలు ఉప్పు, ఒక వంతు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పును ఉచితంగా ఇచ్చారు. వంట మారలేదు, రుచి పెద్దగా మారలేదు. దాదాపు అయిదేళ్ల తరువాత 2021లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఉప్పు మారిన గ్రామాలలో పక్షవాతాలు నూటికి 14 వంతులు, మొత్తం మరణాలు 12 వంతులు తగ్గాయి. చైనా పల్లెల్లో ఉప్పు ఎక్కువగా ఇంటి వంటలోనే పడుతుంది కనుక ఈ ఉపాయం ఫలించింది. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు లేనిదే ముద్ద దిగని మన ఇళ్లలోనూ పరిస్థితి అదే. రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుండగా, పెరుగన్నంలో నంజుకొనే ఊరగాయను ఎవరూ ఉప్పు లెక్కలో వేయరు. పొటాషియం కలిపిన ఉప్పును వాడవచ్చునని ఆ సంస్థ 2025 జనవరిలో సూచించింది.

అయితే ఇక్కడ కూడా ఒక హెచ్చరిక ఉన్నది. అదనపు పొటాషియాన్ని బయటకు పంపేవి మూత్రపిండాలు. అవి దెబ్బతిన్నవారిలో పొటాషియం రక్తంలో పేరుకొని గుండె లయను తప్పిస్తుంది, ఒక్కొక్కసారి గుండెను ఆపివేస్తుంది. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసిన సంగతి మనకు తెలుసు. చైనా పల్లెలో ప్రాణం నిలిపిన ఉప్పును రక్తపరీక్ష చేయించకుండా అటువంటి ఇంటికి ఇవ్వడం తగదు. గర్భిణులకు, పిల్లలకు కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సూచనను వర్తింపజేయలేదు.

లోటు ఉన్నదో లేదో తెలుసుకోకుండా మాత్ర మొదలుపెట్టడంలోని ప్రమాదానికి మరొక ఉదాహరణ బి12. ఇది సహజంగా మాంసం, చేపలు, గ్రుడ్లు, పాలు వంటి జంతు సంబంధమైన ఆహారంలోనే లభిస్తుంది. కనుక శాకాహారులలో, వృద్ధులలో దీని కొరత తరచుగా కనిపిస్తుంది. బి12 లోపించినా, ఫోలిక్ ఆమ్లం లోపించినా ఒకే విధమైన రక్తహీనత వస్తుంది. బి12 లోపించినవారికి ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తహీనత తగ్గి, రోగి కోలుకున్నట్లే కనిపిస్తాడు. లోలోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. కాళ్ల తిమ్మిరి, నడకలో తూలుడు మొదలయ్యేసరికి ఆలస్యమైపోతుంది. ప్రభుత్వం కౌమార వయస్కులకు వారానికొకసారి ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలను చూసి విద్యార్థులు భయపడనవసరం లేదు. ఆ వయస్సువారిలో రక్తహీనత విస్తారంగా ఉన్నదని తెలిసిన తరువాతనే, తగిన మోతాదులో, ఆ కార్యక్రమం ఏర్పడింది. అది పక్షవాతం కోసం ఉద్దేశించినది కాదు. దుకాణంలో తమంతట తాము కొనుక్కొనే డబ్బా సంగతి వేరు. ఇటువంటి ఉత్పత్తులు మన దేశంలో చాలావరకు ఆహార భద్రతా చట్టం పరిధిలో ఆహారంగా అమ్ముడుపోతున్నాయి. ఆహారంగా అమ్మే వస్తువు ఒక వ్యాధిని నివారిస్తుందని వేలమందిపై పరీక్షించి చూపవలసిన పని అమ్మేవారికి ఉండదు.

ఇక పక్షవాతం రానే వచ్చిన ఇంట్లో ఏ విటమినూ పనికిరాదు. ముఖం ఒక ప్రక్కకు వంకరపోవడం, ఎత్తిన రెండు చేతులలో ఒకటి జారిపోవడం, మాట ముద్దగా రావడం దీని ముఖ్య లక్షణాలు. గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వవలసి ఉంటుంది. అది కూడా నాళం మూసుకుపోయినవారికే. పగిలినవారికి ఇస్తే ప్రాణం తీస్తుంది. స్కానింగు చూడనిదే అది పూడికో గండియో అనుభవజ్ఞుడైన వైద్యుడు సైతం నిశ్చయంగా చెప్పలేడు. మింగే శక్తి కూడా ఆ సమయంలో తప్పి ఉండవచ్చు. అందువల్ల 108కు ఫోను చేసినవారు వాహనం వచ్చేవరకు రోగిని ఒక ప్రక్కకు పడుకోబెట్టి, లక్షణాలు ఏ సమయానికి మొదలయ్యాయో కాగితం మీద వ్రాసి ఉంచాలి. నోట్లో నీరు గాని, మాత్ర గాని వేయకూడదు.

ప్రశ్నలు

1. ఫోలిక్ ఆమ్లం అమెరికా, కెనడాలలో ఆశించిన ఫలితం ఇవ్వకపోవడానికి, చైనాలో ఇవ్వడానికి గల కారణాలను వివరించండి.

2. పూడిక, గండి అనే పోలికను రచయిత ఏయే సందర్భాలలో ఉపయోగించాడు? దానివల్ల ఇ విటమిన్ ప్రభావం ఎట్లా బోధపడుతుంది?

3. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు, ఆయన కుటుంబంలోని విషాదానికి గల సంబంధం ఏమిటి?

4. "సమాధానం మాత్రలో లేదు, మింగినవారి రక్తంలో ఉన్నది." సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.

5. మీ ఇంట్లో ఒక వారంపాటు వాడిన ఉప్పును, ఊరగాయలలోని ఉప్పుతో కలిపి అంచనా వేసి, తలసరి ఎన్ని గ్రాములో లెక్కకట్టండి.